పక్షుల పద్దు వ్రాసిన వైద్యుడు

కడప, నెల్లూరు సీమల చిట్టడవులలో సంచరించే కలివికోడిని గురించి మన విద్యార్థులు ఎక్కడనో ఒకచోట చదివియే ఉందురు. పావురానికన్న కొంచెం చిన్న పక్షి. రొమ్ముమీద రెండు అడ్డపట్టీలు, కంటిపైన వెడల్పయిన తెల్లని గీత, పరుగుకు అనువైన పొడుగు కాళ్లు దాని ఆనవాళ్లు. కలివిపొదల నడుమ మెలగుతుంది కనుక మనవారు ఆ పేరు పెట్టినారు. శాస్త్రజ్ఞుల వ్యవహారంలో మాత్రం దానికి ఒక పరదేశీయుని పేరు కలదు. ఆంగ్లంలో అది జెర్డన్ కోర్సర్. ఎవరీ జెర్డన్? ఆయన పేరు మన అడవిపక్షికి ఎట్లు సంక్రమించినది?

థామస్ కావర్‌హిల్ జెర్డన్ 1811 అక్టోబరు 12వ తేదీన ఇంగ్లండులోని డర్హం మండలంలో జన్మించినాడు. పూర్వులు స్కాట్లండు సరిహద్దు ప్రాంతంవారు. 1828లో ఎడింబరో విశ్వవిద్యాలయంలో చేరినాడు. అక్కడ ప్రకృతిశాస్త్రం బోధించే రాబర్ట్ జేమ్సన్ అనే ఆచార్యుని అధీనంలో పెద్ద ప్రదర్శనశాల ఒకటి ఉండేది. కొద్ది ఏండ్లకు ముందు అదే ఆచార్యుని ఉపన్యాసాలకు విసుగు చెంది వెళ్లిపోయిన విద్యార్థులలో చార్లెస్ డార్విన్ ఒకడు. జెర్డన్ మాత్రం విసుగు చెందలేదు. గాజు బీరువాల వెనుక వరుసలు తీరిన పక్షులను చూచి నేర్చిన పాఠం ఆయన జీవితాంతం విడువలేదు. వైద్యవిద్య ముగించి, 1835లో ఈస్టిండియా కంపెనీవారి కొలువులో సహాయ శస్త్రవైద్యుడుగా చేరి, మరుసటి ఏడు ఫిబ్రవరిలో మదరాసు రేవున దిగినాడు.

మొదటి ఉద్యోగం గంజాం జిల్లాలో. నేడు అది ఒడిశా రాష్ట్రంలోనిదైనా ఆనాడు మదరాసు రాజధానిలోని ఉత్తరపు కొస. జ్వరాలతో, రక్తగ్రహణితో తీసుకొనే సిపాయిలకు చికిత్స చేయుట ఆయన పని. ఆ పనినుండి తప్పించుకొన్న గంటలలో తూర్పు కనుమల పక్షులను గుర్తించసాగినాడు. 1837లో రెండవ మదరాసు ఆశ్విక దళానికి మారినాడు. దళం ఎక్కడికి కదలితే వైద్యుడు అక్కడికి కదలవలెను. జాల్నా, తిరుచిరాపల్లి, దక్కను పీఠభూమి, ఈ విధంగా నాలుగేండ్లు గడచినవి. ఒక్క ఊరిలో స్థిరపడిన పండితునికి లభించని భాగ్యం ఈ సంచారి వైద్యునికి లభించినది. సముద్రతీరం మొదలు మెట్టనేలలు, కొండ అడవులదాకా ఒకే పక్షి ఎక్కడ ఉన్నదో, ఎక్కడ లేదో ఆయన స్వయంగా చూడగలిగినాడు.

అయితే చూచుట ఒక ఎత్తు, పేరు నిర్ణయించుట మరొక ఎత్తు. ఆ కాలంలో పక్షిని గుర్తించుటకు దుర్భిణీలు, బొమ్మల పుస్తకాలు నేటివలె లేవు. పక్షిని కొట్టి, చర్మం ఒలిచి, లోపల పాషాణం పూసి, దూదికూరి, కాలికి చీటికట్టి భద్రపరిచేవారు. ఆ చీటిమీద దొరికిన చోటు, తేదీ, మగదా ఆడదా అన్న వివరం ఉండేవి. చీటిలేని చర్మం ఎంత అందమైనదైనా శాస్త్రానికి కొరగాదు. ఆ చర్మాలను ఐరోపాలోని పెద్ద సంగ్రహాలకు పంపితే, అక్కడి పండితులు తమ బీరువాలలోని వాటితో పోల్చి ఇది తెలిసినదనో, కొత్తదనో తేల్చేవారు. ఏ చర్మాన్ని ముందుంచుకొని కొత్తపేరు పెట్టినారో ఆ చర్మం ఆ జాతికి సాక్ష్యంగా నిలుస్తుంది. దానిని మూలనమూనా అంటారు. భూమి తగాదాలో అసలు దస్తావేజు ఎట్టిదో జీవశాస్త్రంలో మూలనమూనా అట్టిది. పిల్లలు ప్రదర్శనశాలలో చూచేది అద్దాల వెనుక అలంకరించిన నాలుగు పక్షులను మాత్రమే. పరిశోధకులకు కావలసినవి వెనుకగదుల సొరుగులలో వెల్లకిల పడియుండే వేలాది చర్మాలు.

జెర్డన్ కూడ ఆ మార్గమే పట్టినాడు. తాను సేకరించిన చర్మాలను స్కాట్లండులోని సర్ విలియం జార్డిన్ అనే ప్రసిద్ధ పక్షిశాస్త్రజ్ఞునికి పంపినాడు. నెలల తరబడి ఓడలో ప్రయాణంచేసి ఆ పెట్టెలు చేరునప్పటికి చిమ్మటలు వాటిని కొరికివేసినవి. మరొకడైతే ఆ పని అంతటితో మానుకొనేవాడేమో. జెర్డన్ ఆ నష్టంనుండి ఒక నిశ్చయానికి వచ్చినాడు. ఇకమీదట దూరపు పండితుల తీర్పుకై ఎదురుచూడక, తన కన్నులనే నమ్ముకొని, తన పద్దు తానే వ్రాయదలచినాడు. 1839, 1840 సంవత్సరాలలో మదరాసు సాహిత్య విజ్ఞాన పత్రికలో భారత ద్వీపకల్ప పక్షుల జాబితాను ప్రకటించినాడు. అందులో 420 జాతులు కలవు. అంతకుముందు కర్నల్ సైక్స్ దక్కనుకు కూర్చిన జాబితాకు ఇది దాదాపు రెట్టింపు. అప్పటికి ఆయన వయస్సు ముప్పదికి లోపు. కొన్ని గుర్తింపులు తప్పినవి, కొన్ని పేర్లు తరువాత కొట్టివేయబడినవి. సరిపోల్చుకొనుటకు దగ్గర గ్రంథాలయం గాని, సంగ్రహాలయం గాని లేని దండువిడిదిలో కూర్చొని వ్రాసినవాడు అంతకన్న తక్కువ తప్పులు చేయగలడని నేననుకొనను.

1841లో ఫ్లోరా మక్లౌడ్ అనే యువతిని వివాహమాడినాడు. ఆమెకు వృక్షశాస్త్రమందు, విశేషించి ఆర్కిడ్ పూలయందు అభిరుచి మెండు. చిత్రలేఖనమందు ప్రవేశం కలదు. 1843 మొదలు 1847 వరకు జెర్డన్ మదరాసులో భాగాలుగా వెలువరించిన భారతీయ పక్షుల చిత్రగ్రంథంలో 50 రంగుల పటాలున్నవి. వాటిలో అధికభాగం దేశీయ చిత్రకారుల చేతిపని. చచ్చిన పక్షిని చూచి వేసినా, ప్రాణమున్నట్లు కొమ్మమీద నిలిపిన ఆ నైపుణ్యాన్ని ఆనాటి ఐరోపా పండితులు సైతం మెచ్చుకొన్నారు.

1844లో ఆయనను నెల్లూరుకు సివిల్ సర్జనుగా వేసినారు. మన కథకు ఇదియే కీలకం. సైన్యంతో తిరుగుట తప్పి, ఒక జిల్లాలో నిలకడగా ఉండి, పరిసరాల జనంతో పరిచయం పెంచుకొనే అవకాశం కలిగినది. కొండచరియలలో బ్రతికే యానాదులతో ఆయనకు సంబంధం ఏర్పడినది. ఏ పొదలో ఏ పిట్ట గ్రుడ్లు పెట్టునో, ఏ ఋతువులో ఏది వలస వచ్చునో వారికి తెలిసినంతగా పుస్తకాలకు తెలియదు. నెల్లూరు దాపుల కనుమలమీది రాతినేలలలోను, కడప సీమలోను రెండు పట్టీల వింతపక్షి ఆయన దృష్టికి వచ్చినది ఆ కాలంలోనే. పలుచని అడవిలో, మిట్టపల్లాల రాతినేలమీద చిన్న గుంపులుగా తిరుగునని, అప్పుడప్పుడు దీనంగా కూయునని తరువాత వ్రాసినాడు. తెలుగువారు దానిని ఏమని పిలుతురో కూడ నమోదు చేసినాడు. ఆయన ఆంగ్లాక్షరాలలో వ్రాసిన దానిని మనం చదివితే అడవ వూట తిత్తి అని వచ్చును. లిపి మారిన మాట గనుక అసలు రూపం కొంత చెదరియుండును. చివరి ముక్కలో తీతువు కూత వినిపించుచున్నదని నాకు తోచును.

ఆ పక్షికి శాస్త్రనామం పెట్టినది జెర్డన్ కాదు, కలకత్తాలోని ఎడ్వర్డ్ బ్లిత్. ఈ ఇరువురి స్నేహం వినదగినది. బ్లిత్ 1841లో ఏషియాటిక్ సొసైటీవారి ప్రదర్శనశాలకు పాలకుడుగా వచ్చి, చాలీచాలని జీతంతో ఇరువది యేండ్లకు పైగా పనిచేసినాడు. దేశం నలుమూలలనుండి అధికారులు, వైద్యులు పంపే చర్మాలన్నియు ఆయన బల్లమీదికి చేరేవి. డార్విన్ మహాశయునికి భారతదేశపు జంతువులను గురించి సుదీర్ఘమైన ఉత్తరాలు వ్రాసినది ఈయనే. అడవి జెర్డన్‌ది, సొరుగులు బ్లిత్‌వి. ఒకరికి బ్రతికిన పక్షి నడక తెలుసు, మరొకరికి దాని సోదర జాతులతో పోలిక తెలుసు. ఆకుపచ్చని ఒక చిన్నపిట్టకు 1844లో బ్లిత్ జెర్డన్ పేరు పెట్టినాడు. 1848లో మన కలివికోడిని కొత్తజాతిగా వర్ణించినాడు. ఆ సంవత్సరమే వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వైట్ దక్షిణాది కొండలలోని ఒక చిన్న మొక్కకు జెర్డోనియా అని పేరిడినాడు.

నెల్లూరు తరువాత తలచ్చేరి. అక్కడ ఆయన దృష్టి పక్షులనుండి చీమలకు దిగినది. 1851లో దక్షిణ భారతదేశపు చీమల జాబితా ప్రచురించినాడు. పొడుగుపాటి దవడలు, పెద్ద కన్నులు గల దూకుడు చీమ ఒకటి అందులో కలదు. ఎగిరి ఎరను పట్టే ఆ చీమను ఆయన వర్ణించిన నూటయాభై తొమ్మిదేండ్లకు, 2010లో, దాని జన్యుపటాన్ని శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. రాణి లేనప్పుడు పనిచీమయే గ్రుడ్లుపెట్టే స్థితికి మారుట ఎట్లో తెలిసికొనుటకు నేటి ప్రయోగశాలలలో దానిని పెంచుచున్నారు. తలచ్చేరిలో తీరికవేళ చీమలవెంట నడచిన వైద్యునికి ఇది ఊహకందని సంగతి.

ఆయన పేరు నిలిపిన మహాగ్రంథం భారతదేశ పక్షులు. కానింగ్ ప్రభువు హయాంలో ప్రభుత్వం ఆయనకు ప్రత్యేకోద్యోగం కల్పించి, ఈ దేశపు వెన్నెముక గల ప్రాణులన్నింటిని గురించి గ్రంథాలు వ్రాయుటకు వీలిచ్చినది. 1862 నుండి 1864 వరకు కలకత్తాలో మూడు భాగాలుగా ఆ గ్రంథం వెలువడినది. అందులోని పక్షిజాతులు వెయ్యికి పైచిలుకు. ప్రతి జాతికిని శాస్త్రనామం, హిందీ, తెలుగు, తమిళాది దేశభాషలలోని పేర్లు, ఒంటి కొలతలు, రంగులు, ఉనికి, అలవాట్లు వరుసగా వ్రాసినాడు. గూటిని గురించి తెలియకపోతే ఊహించి నింపలేదు. మారుమూల తాలూకాలోని ఉద్యోగి సైతం చేతిలో పక్షిని పట్టుకొని, పుస్తకం తెరచి, దాని పేరు తేల్చుకొనగల సౌకర్యం మొదటిసారి కలిగినది. తరువాత కాంగ్రెసు మహాసభకు నాంది పలికిన ఎ.ఓ. హ్యూమ్ దొరగారు పక్షిశాస్త్రంలో పెద్ద పేరు గడించినదియు ఈ పుస్తకం వేసిన పునాదిమీదనే. హ్యూమ్ కూర్చిన 80 వేలకు మించిన చర్మాలు, గ్రుడ్లు 1885లో బ్రిటిష్ మ్యూజియానికి చేరినవి.

1867లో క్షీరదాల గ్రంథం వచ్చినది. సరీసృపాల సంపుటం వెలుగు చూడలేదు. 1868లో ఉద్యోగం విరమించినాడు. అస్సాంలో తీవ్రంగా జబ్బుపడినాడు. 1870లో స్వదేశం చేరినాడు. 1872 జూన్ 12న లండనుకు దక్షిణాన అప్పర్ నార్‌వుడ్‌లో మరణించినాడు. 60 ఏండ్లు నిండి కొన్ని నెలలే అయినది.

ఒక లోటు చెప్పక తప్పదు. పక్షుల తెలుగు పేర్లను అంత శ్రద్ధగా వ్రాసికొన్న కాలంలో, ఆ పేర్లు చెప్పిన యానాదులను, వలపన్నిన వేటగాండ్రను పేరుపేరున తలచే ఆచారం లేదు. మూలనమూనాల చీటిమీద సేకరించినవారు అన్నచోట సామాన్యంగా దొరపేరే ఉండును.

కలివికోడి సంగతి మిగిలినది. 1900లో అనంతపురం ప్రాంతంలో ఒకరు చూచినట్లు నమోదైన తరువాత అది ఎవరి కంటను పడలేదు. 1929 ప్రాంతంలో తూర్పు కనుమలను గాలించిన వెర్నే సర్వేవారికిని దొరకలేదు. జాతి నశించినదని చాలమంది నిశ్చయించుకొన్నారు. పండితులు పగలు వెదకినారు. అది రాత్రి తిరుగు పక్షి. ఈ చిన్న సంగతి స్థానికులకు తెలుసును. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర ఆ పక్షిని మరల లోకానికి చూపినది ఒక పిట్టలవేటగాని సాయంతోనే. ఆ వేటగాడు దానిని చీకటివేళ దీపపు వెలుతురులో పట్టుకొన్నాడు. పిమ్మట అక్కడి అడవిని శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యంగా ప్రకటించినారు. తెలుగుగంగ కాలువ ఆ పక్షి తావులమీదుగా పోవుచున్నదని గొడవ రాగా దాని దారినే మార్చినారు.

కాని గూడు ఏమైనది, గ్రుడ్డు ఎట్లుండును అన్నది ఎవరికిని తెలియలేదు. 2013లో జవాబు స్కాట్లండునుండి వచ్చినది. అబర్డీన్ విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర ప్రదర్శనశాలలోని సొరుగులో ఒక పాత గ్రుడ్డు కనబడినది. కోలారు బంగారు గనుల దగ్గర పనిచేసిన పశువైద్యుడు ఒకడు దానిని 1917లో సేకరించినాడు. ఆ పెంకునుండి తీసిన జన్యుపదార్థాన్ని ఇంగ్లండు మ్యూజియంలో భద్రంగా ఉన్న కలివికోడి చర్మంతో పోల్చగా రెండును సరిపోయినవి. చిట్టచివరి సాక్ష్యమని దశాబ్దాలు నమ్మిన 1900 సంవత్సరం ఆ విధంగా పదునేడేండ్లు ముందుకు జరిగినది. శాస్త్రలోకానికి తెలిసిన కలివికోడి గ్రుడ్డు అదొక్కటే.