సైకిలు అద్దె ఇచ్చిన గురువు

క్రీడల కోటా కింద ప్రవేశం కోరిన విద్యార్థుల ధ్రువపత్రాలను పరిశీలించే కమిటీలో ఆ మధ్య ఒకసారి కూర్చోవలసి వచ్చింది. టెన్నిస్, ఈత, స్కేటింగ్, షూటింగ్ పత్రాలు కట్టలు కట్టలుగా వచ్చాయి. వాటిలో అధికభాగం నగరంలోని ఖరీదైన పాఠశాలలవే. చివరన మా కేసముద్రం వైపు నుంచి వచ్చిన ఒక కుర్రవాడు నిలబడ్డాడు. ఫుట్‌బాల్ ఆడతానన్నాడు. గుర్తింపు పొందిన సంఘం ఇచ్చిన పత్రమేదీ అతని చేతిలో లేదు. నిబంధన ప్రకారం అతని దరఖాస్తును పక్కన పెట్టాం. సంతకం చేసినవారిలో నేనూ ఒకణ్ణి. ఇంటికి వస్తున్నంతసేపూ సయ్యద్ అబ్దుల్ రహీమ్ నన్ను వెంటాడారు.

ఆ పేరు నేను మొదట విన్నది మా చిన్నాయన నోట. ఆయన కాజీపేటలో రైల్వే గ్యాంగ్‌మన్. యౌవనంలో రైల్వే మైదానంలో బంతి తన్నిన మనిషి. సెలవుకు కేసముద్రం వచ్చినప్పుడు రహీమ్ సాబ్ అని ఆయన ఉచ్చరించే తీరు చూసి, అది ఏదో దర్గాలోని పెద్దల పేరని చాలాకాలం అనుకున్నాను. రెండేళ్ల క్రితం హిందీలో సినిమా వచ్చాక నా విద్యార్థులకు ఆ పేరు తెలిసింది. అంతకుముందు తరగతిలో అడిగితే చేతులు లేచేవి కావు.

రహీమ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, ఆడారు. తరువాత బడిపంతులయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూలు ఆయన పాఠాలు చెప్పిన చోట్లు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు, మరణించేదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు. ఆయన పేరు ముందున్న సయ్యద్ అన్న మాట ముస్లిం సమాజంలో పై మెట్టును సూచిస్తుందని ఈ పేజీ పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. అయితే ఆయన జీవితమంతా ఆ మెట్టు మీద కూర్చుని గడిచింది కాదు, బడి మైదానాల దుమ్ములో గడిచింది.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షణ ఆయన చేతికి వచ్చింది. ఆ సంవత్సరాన్ని కొంచెం ఆగి చూడాలి. 1948 సెప్టెంబరులో జరిగిన పోలీసు చర్యకు అప్పటికి రెండేళ్లు. సంస్థానం పోయింది, కొలువులు పోయాయి, నగరంలోని ముస్లిం కుటుంబాలు భయంలో ఉన్నాయి. అటువంటి రోజుల్లో ముస్లింలు, హిందువులు, క్రైస్తవులు కలిసి ఆడే ఒక పోలీసు జట్టు బొంబాయికి వెళ్లి రోవర్స్ కప్పు గెలిచింది. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు ఆ కప్పు హైదరాబాదుకే వచ్చింది. అదే 1950లో డ్యూరాండ్ కప్పు ఫైనల్లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించింది. 1956-57, 1957-58లలో సంతోష్ ట్రోఫీ కూడా హైదరాబాదుదే. ఈ జట్టులోని వాళ్లు జమీందారుల బిడ్డలు కారు. పోలీసు ఉద్యోగం దొరికితే ఇల్లు గడుస్తుందన్న ఆశతో బంతి తన్నినవాళ్లు. ఆట వాళ్లకు వినోదమే కాదు, కొలువు కూడా.

సికింద్రాబాదు శివారులోని అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పిల్లవాడు ఉండేవాడు. తమిళ మూలాలున్న నిరుపేద కుటుంబం. కుర్రవాడి కాళ్లలోని విద్యను రహీమ్ గుర్తించారు. రోజూ అంతదూరం నగరంలోకి వచ్చి సాధన చేయడానికి పిల్లవాడి దగ్గర డబ్బు లేదు. సైకిలు అద్దెకు తెచ్చుకోమని రహీమ్ తన జేబులోంచి డబ్బిచ్చారు. ఆ కుర్రవాడే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు, ఆ తరువాత భారత ఫుట్‌బాల్‌లో అగ్రశ్రేణి ఆటగాడయ్యాడు.

మన దేశంలో శిక్షకులకిచ్చే అత్యున్నత పురస్కారానికి ద్రోణాచార్యుడి పేరు పెట్టుకున్నాం. అది 1985లో మొదలైంది. అప్పటికి రహీమ్ పోయి 22 ఏళ్లు. ఆయనకు ఆ పురస్కారం రాలేదని బాధపడేవాళ్లున్నారు. నాకు ఆ బాధ లేదు. నేర్పని విద్యకు బొటనవేలు అడిగిన గురువు పేరున్న పతకాన్ని, నేర్చుకోవడానికి సైకిలు అద్దె ఇచ్చిన మనిషి మెడలో వేయడం ఎబ్బెట్టుగా ఉండేది.

రహీమ్ బోధనలో మరో సంగతి ఉంది. బంతిని అట్టిపెట్టుకుని ఒంటరిగా మెరిసే ఆట ఆయనకు నచ్చేది కాదు. బంతి కాలికి తగలగానే పక్కవాడికి అందాలి. డ్రిబ్లింగే లేని పోటీలు పెట్టేవారు, బలహీనమైన కాలితో మాత్రమే ఆడే పోటీలు పెట్టేవారు. 1953లో హంగేరీ జట్టు మధ్య ఫార్వర్డును వెనక్కి లాగి ఇంగ్లండును 6-3 తేడాతో చిత్తు చేసినప్పుడు ప్రపంచం నోరు తెరిచింది. ఆ ఎత్తుగడను ఒక హైదరాబాదు బడిపంతులు శ్రద్ధగా పట్టించుకుని మన ఆటగాళ్ల చేత ఆడించారు. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది ఉత్త కాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో అదే దేశం ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఆసియా దేశమొకటి ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంతదూరం వెళ్లడం అదే ప్రథమం. చివరికి నాలుగో స్థానం దక్కింది.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టుకు కూడా ఆయనే శిక్షకుడు. కాని ఆయన జీవితానికి శిఖరం 1962 జకార్తా. అప్పటికే కేన్సర్ ఆయన్ను తినేస్తున్నది. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆహ్వానించకపోవడంపై మన ప్రతినిధి అభ్యంతరం చెప్పినందుకు అక్కడి జనం భారత జట్టుమీద మండిపడుతున్నారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీమ్ ఫార్వర్డుగా ముందుకు పంపారు. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్లీ దక్షిణ కొరియాయే ఎదురుపడింది. పి.కె.బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు, 2-1తో స్వర్ణం. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీమ్ కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం ఆ తరువాత మనకు మళ్లీ రాలేదు.

హైదరాబాదు ఫుట్‌బాల్ ఎందుకు ఆరిపోయిందన్న ప్రశ్నకు సిద్ధంగా ఉన్న జవాబు క్రికెట్. 1983 ప్రపంచకప్పు, టీవీ, డబ్బు. అది సగం నిజం. బలరాం వంటివారు అంతకు చాలా ముందే, 1957లోనే, కలకత్తా క్లబ్బులకు వెళ్లడం మొదలైంది. రహీమ్ తరువాత ఆ పీఠంలో ఆయనంతటివాడు కూర్చోలేదు. అన్నింటికన్నా ముఖ్యంగా, పేద పిల్లవాణ్ణి ఆట ద్వారా కొలువులోకి తెచ్చే పోలీసు, రైల్వే దారులు ఇరుకైపోయాయి. బడి మైదానాలు చిక్కిపోయాయి. మైదానం పోతే అందరికీ ఒకేలా పోదు. క్లబ్బులో సభ్యత్వం ఉన్నవాడికి మరో మైదానం ఉంటుంది. వాడ పిల్లవాడికి ఉండదు.

మా ఊళ్లో ఈ మార్పును కళ్లారా చూశాను. నేను ప్రాథమిక పాఠశాలలో ఉన్నప్పుడు స్టేషను పక్క ఖాళీ జాగాలో సాయంత్రాలు ఒకే బంతి వెనక ముప్పై మంది పరుగెత్తేవాళ్లం. హైస్కూలుకు వచ్చేసరికి అక్కడ మూడు కర్రలు నాటారు. బ్యాటు దొరగారి మనుమడిది. బ్యాటు ఎవరిదో బ్యాటింగు వాళ్లది. మేం బంతి వేసేవాళ్లం, ముళ్లకంపల్లో పడితే వెతికి తెచ్చేవాళ్లం, చీకటి పడితే ఇంటికి పోయేవాళ్లం. మా వంతు వచ్చేది కాదు. ఫుట్‌బాల్‌లో వంతు అనేది లేదు. బంతి ఎవరి కాళ్ల దగ్గరికి వస్తే ఆ క్షణం ఆట వాడిది. క్రికెట్‌లో కులం ఉన్నదనీ ఫుట్‌బాల్‌లో లేదనీ నేను వాదించడం లేదు. క్రికెట్‌కు పల్వంకర్ బాలూ ఉన్నాడు, ఆయన జట్టులో ఆడనిచ్చి నాయకత్వం మాత్రం ఇవ్వని హిందూ జింఖానా కూడా ఉంది. నేను చెప్పేది మా ఊరి స్టేషను పక్క జాగా సంగతి.

కమిటీ తదుపరి సమావేశంలో ఒక ప్రతిపాదన పెట్టాను. ధ్రువపత్రం లేని గ్రామీణ విద్యార్థిని మైదానంలో ఆడించి చూడాలని, ఆ ఆట చూడడానికి ఒక శిక్షకుణ్ణి పిలవాలని. నిబంధనలు ఒప్పుకోవన్నారు ఒకరు. అందరూ ఇలాగే వస్తారన్నారు మరొకరు. రావాలనే కదా అన్నాను. ఫైలు పైకి వెళ్లింది, ఇంకా కిందికి రాలేదు. ఆ కుర్రవాడికి ఫోన్ చేశాను. మిర్చి సీజన్ కదా, మార్కెట్లో బస్తాల పనికి పోతున్నానన్నాడు. ఆడుతున్నావా అని అడిగితే, బంతి పగిలిపోయింది సార్ అన్నాడు. కొరియర్‌లో ఒకటి పంపాను.