రుక్మిణీదేవి అరండేల్

రుక్మిణీదేవి అరండేల్ (ఫిబ్రవరి 29, 1904 - ఫిబ్రవరి 24, 1986) సుప్రసిద్ధ భరతనాట్య కళాకారిణి, కళాక్షేత్ర వ్యవస్థాపకురాలు, రాజ్యసభ సభ్యురాలు. నాట్యకళకు ఈమె చేసిన సేవ లోకవిదితమే. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం రావడానికి కూడా ఈమె కృషే ముఖ్యకారణం. పశువులకు కొమ్ములు తీసేటప్పుడు, కోడెలకు వృషణచ్ఛేదం చేసేటప్పుడు పశువైద్యులు పాటించవలసిన నొప్పి నివారణ నియమాలకు మూలం ఆ చట్టమే.

బాల్యం, వివాహం

రుక్మిణీదేవి మధురైలో నీలకంఠశాస్త్రి, శేషమ్మాళ్ దంపతులకు జన్మించింది. తండ్రి ప్రజాపనుల శాఖలో ఇంజనీరు, దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. ఉద్యోగ విరమణానంతరం ఆయన కుటుంబంతో మద్రాసులోని అడయారులో స్థిరపడ్డాడు. 1920లో ఈమె ఆంగ్లేయుడైన జార్జి అరండేల్‌ను వివాహమాడింది. ఆనాటి సనాతన సమాజంలో ఈ వివాహం పెద్ద అలజడి రేపింది. అరండేల్ 1934 నుండి 1945లో మరణించే వరకు దివ్యజ్ఞాన సమాజానికి అధ్యక్షుడిగా ఉన్నాడు.

నాట్యరంగం

రష్యన్ నర్తకి అన్నా పావ్లోవా పరిచయం ఈమెను నాట్యం వైపు మళ్ళించింది. పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్ళై వద్ద శిక్షణ పొంది, 1935లో అడయారులో తొలి ప్రదర్శన ఇచ్చింది. దేవదాసీల కళగా చిన్నచూపు చూడబడిన నాట్యాన్ని కులీన కుటుంబాల స్త్రీలు అభ్యసించడానికి ఈమె సాహసం దారి చూపింది. 1936లో కళాక్షేత్రను స్థాపించింది. తెలుగులో రచింపబడిన మెలట్టూరు భాగవతమేళ నాటకాలను కళాక్షేత్ర రంగస్థలానికి తెచ్చింది. 1956లో పద్మభూషణ్ పురస్కారం లభించింది.

జంతుహింస నివారణ చట్టం

1952లో ఈమె రాజ్యసభకు నామినేట్ చేయబడింది. అప్పటికి దేశంలో జంతుహింసకు సంబంధించి 1890 నాటి చట్టమే అమలులో ఉన్నది. దానికి బదులుగా సమగ్రమైన చట్టం కావాలని 1953లో ఈమె ఒక ప్రైవేటు బిల్లును ప్రవేశపెట్టింది. ప్రభుత్వమే అటువంటి చట్టం తెస్తుందని ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ హామీ ఇవ్వడంతో బిల్లును ఉపసంహరించుకున్నది. చివరకు 1960 డిసెంబరులో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. పాలు ఎక్కువగా పిండుకోవడానికి ఆవులపై చేసే ఫూకా అనే క్రూరమైన పద్ధతిని ఈ చట్టంలోని 12వ సెక్షను శిక్షార్హం చేసింది.

అయితే ఈ చట్టంలో ఒక వైరుధ్యం మిగిలిపోయింది. ప్రయోగశాలలలో జంతువులకు చేసే శస్త్రచికిత్సలు సాధ్యమైనంతవరకు మత్తుమందు ప్రభావంలోనే జరగాలని 17వ సెక్షను చెబుతున్నది. 11వ సెక్షను మాత్రం పశువులకు కొమ్ములు తొలగించడం, వృషణచ్ఛేదం, వాతలు పెట్టడం, ముకుతాడు వేయడం అనే నాలుగు పనులను, నిర్దేశించిన పద్ధతిలో చేస్తే, హింసగా పరిగణించలేదు. ఆ పద్ధతి ఏమిటో నిర్దేశించే నియమాలు ఈమె జీవితకాలంలో రాలేదు. అందుచేత ప్రయోగశాలలోని కుందేలుకు లభించిన రక్షణ రైతు కొట్టంలోని కోడెకు లభించలేదు.

పశువులు, నొప్పి

నెల్లూరు సీమకు ఈ విషయంతో దగ్గర సంబంధం ఉన్నది. ఒంగోలు ప్రాంతం 1904 వరకు నెల్లూరు జిల్లాలో ఉండుటచే ఒంగోలు జాతి పశువులకు నెల్లూరు జాతి అని కూడా పేరు. బ్రెజిల్‌లో ఈ జాతిని నేటికీ నెలోర్ అనే పిలుస్తారు. తీరప్రాంతమైన చిట్టమూరు మండలం (2022 ఏప్రిల్ నుండి తిరుపతి జిల్లాలోనిది) మొదలుకొని తెలుగు పల్లెలన్నింటిలో కోడెలను పడదోసి, కాళ్ళు కట్టి, మత్తు లేకుండానే వృషణాలను నలగగొట్టడం తరతరాల వాడుక.

పశువైద్యశాలలకు బర్డిజో అనే పెద్ద పటకారు వచ్చిన తరువాత చర్మం తెగకుండానే ఈ పని చేయడం సాధ్యమైనది. రక్తం కనబడకపోవడం వలన బాధ కూడా లేదనే భావన కలిగింది. నిజానికి నాళాలు నలిగేటప్పుడే కాక తరువాత కూడా పశువు నొప్పి అనుభవిస్తుంది. పశువులు సహజంగా బాధను బయటకు చూపవు. ఈ కారణం వలన అనుభవజ్ఞులైన వైద్యులు సైతం దానిని తక్కువగా అంచనా వేయడం కద్దు.

కొమ్ము తీసే ముందు కొమ్ము నాడి వద్ద లిగ్నోకెయిన్ సూదిమందు ఇస్తే ఆ భాగం మొద్దుబారుతుంది. దాని ప్రభావం కొద్ది గంటలలో తగ్గిపోతుంది కనుక మెలోక్సికామ్ వంటి నొప్పి నివారణ మందు కూడా అవసరమవుతుంది. రాబందుల మరణాలకు కారణమైన డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడటాన్ని భారత ప్రభుత్వం 2006లో నిషేధించింది. బ్రిటన్‌లో జంతువుల శస్త్రచికిత్సలకు మత్తుమందును గురించిన చట్టాలు 1919లోను, 1954లోను వచ్చాయి.

చివరి రోజులు, వారసత్వం

చట్టాన్ని అనుసరించి 1962లో ఏర్పడిన భారత జంతు సంక్షేమ మండలికి రుక్మిణీదేవి తొలి అధ్యక్షురాలై, మరణించేవరకు ఆ బాధ్యత నిర్వహించింది. 1977లో మొరార్జీ దేశాయ్ రాష్ట్రపతి పదవికి ఈమె పేరును ప్రతిపాదించగా సున్నితంగా తిరస్కరించింది. 1986లో మద్రాసులో మరణించింది. 1993 నాటి చట్టంతో కళాక్షేత్ర జాతీయ ప్రాముఖ్యత గల సంస్థగా గుర్తింపు పొందింది.

1960 చట్టంలో ఖాళీగా మిగిలిన నియమాలు 63 సంవత్సరాల తరువాత, 2023లో వెలువడ్డాయి. వృషణచ్ఛేదం, కొమ్ములు తొలగించడం వంటి పనులు నమోదైన పశువైద్యుని చేత, మత్తుమందు వాడి జరగాలని అవి నిర్దేశించాయి. ఈమె ప్రారంభించిన పని చట్టరీత్యా ఆ విధంగా పూర్తి అయినది. దానిని ఆచరణలో నిలపడం పల్లె పల్లెలోని పశువైద్యుల, పశుపోషకుల చేతిలో ఉన్నది.