భువిపై స్వర్గమును కోరిన సుల్తాను

జమ్మలమడుగు సమీపమున పెన్నా నది లోయ అంచున నిలిచిన గండికోటను చూడని విద్యార్థి మన ప్రాంతమున అరుదు. అచ్చట మాధవరాయ, రంగనాథ ఆలయములున్న ప్రాకారములోనే జామియా మసీదు కూడ కలదు. 1650లో మీర్ జుమ్లా జయించుటతో ఆ దుర్గము గోల్కొండ ఏలుబడిలోనికి వచ్చినది. ఆ గోల్కొండ వంశమున మకుటాయమానుడు, ఉర్దూ కవితకు ఆద్యులలో ఒకడు అయిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా జీవితము ఉర్దూ, తెలుగు విద్యార్థులకు సమానముగ స్మరణీయము.

అతడు 1565లో జన్మించినాడు. తండ్రి ఇబ్రహీం కులీ యౌవనమున దాదాపు ఏడేండ్లు విజయనగరమున ఆశ్రయము పొంది, తెలుగు కవిత్వపు రుచి ఎరిగినవాడు. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని కీర్తించిరి. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చినాడు. అయినను ఆశ్రయమిచ్చిన విజయనగరముపై 1565లో కత్తి దూసిన సుల్తానులలో ఆయనయు ఒకడు. రాజనీతికి, సంస్కృతికి నడుమ గల ఈ వైరుధ్యములోనే రాకుమారుడు పెరిగినాడు.

1580లో పదునైదేండ్ల ప్రాయమున అతడు సింహాసనమెక్కినాడు. గోల్కొండ కోట జనులకు ఇరుకైనది. 1591లో మూసీనది దక్షిణపు గట్టున క్రొత్త నగరమునకు పునాది పడినది. పీష్వా మీర్ మోమిన్ అస్తరాబాదీ దాని రూపకల్పనకు తోడ్పడినాడు. ఆ నగరమును స్వర్గమునకు ప్రతిరూపముగ భావించిరని ప్రతీతి. ఖురానులో స్వర్గము క్రింద నదులు ప్రవహించు ఉద్యానముగ వర్ణితమైనది. అందుచేతనే ముస్లిం చిత్రకారుల కుంచెలలో స్వర్గము తరచు తోటయై, నీటికాలువయై, మణిమయ మందిరమై రూపొందినది. హెరాత్ నగరమున 1436 ప్రాంతమున వ్రాయబడి, నేడు పారిస్‌లో ఉన్న మిరాజ్‌నామా ప్రతిలో సప్తస్వర్గములు చిత్రితములైనవి.

భాగ్యనగరమున ఆ భావన నాలుగు వీథుల కూడలియై, చార్మినారై, ఉద్యానములై నిలిచినది. రోగులకై దారుల్‌షిఫా అను వైద్యశాలయు వెలసినది. బాధ తీర్పని స్వర్గము స్వర్గమెట్లగును?

సుల్తాను స్వయముగ కవి. దక్కనీ భాషలో ఋతువులను, పండుగలను, వసంతోత్సవమును, మృగశిర వానలను గానము చేసినాడు. అతని కవితల చిత్రప్రతి యొకటి హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియమున కలదు. అందు స్వర్ణవర్ణము ధారాళముగ మెరయును. భవనములు, ఉద్యానములు, కొలువు కూటములు ఇహలోకమును మరపించునట్లు రచితములైనవి. స్వర్గమునకు వాడిన రంగులనే చిత్రకారులు రాజమందిరమునకును వాడినారు.

1612లో నలువదియారేండ్లకే సుల్తాను కన్నుమూసినాడు. మేనల్లుడు కాక సోదరపుత్రుడును, అల్లుడును అయిన సుల్తాన్ ముహమ్మద్ 1616లో అతని కవితలను ఒక సంపుటముగ కూర్పించినాడు. 1687లో ఔరంగజేబు సేనలకు గోల్కొండ లొంగినది. కాలక్రమమున ఆ రాజమహళ్ళు నేలమట్టమైనవి. రాతి గోడలు కూలినవి, కాగితపు పుటలు మిగిలినవి. 1940లో డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ ఆ కవితలను పరిష్కరించి ప్రకటించినారు.

విద్యార్థి మిత్రులారా! ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలోని పాత ఇండ్ల పెట్టెలలో మీ తాతగారి చేతివ్రాత ప్రతి ఏదేని ఉన్నచో, అది ఏ లిపిలో ఉన్నను, చెదపురుగుకు విడువకుడు. ఒక కాలము కన్న కల అందు దాగియుండవచ్చును.