మన్యం పెద్దాయన గాం మల్లుదొర

అల్లూరి సీతారామరాజు పేరు వినని విద్యార్థి మన హాస్టల్‌లో లేడు. ఆయన వెంట నడిచిన గిరిజన వీరుడు గాం మల్లుదొరను మాత్రం మనం మరిచిపోయాం.

విశాఖ మన్యంలో వెట్టిచాకిరీ, పోడుపై ఆంక్షలు భరించలేక గిరిజనులు తిరగబడ్డారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్‌స్టేషన్‌పై దాడితో పోరాటం మొదలైంది. మల్లుదొర, ఆయన సోదరుడు గంటందొర అందులో ముందు నిలిచారు. 1923లో మల్లుదొర పట్టుబడి ద్వీపాంతరవాస శిక్ష అనుభవించారు. 1924లో సీతారామరాజు, గంటందొర అమరులయ్యారు.

శిక్ష ముగిశాక ఆయన ఇంటిపట్టున ఉండిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ 1952లో, వయసు మళ్లే వేళ, విశాఖపట్నం నుండి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఒకనాడు నేరస్థుడని ముద్ర వేయించుకున్న మనిషి చట్టాలు చేసే సభలో కూర్చున్నారు.

గూడెంలో తగవు తీర్చేది, విత్తనం దాచేది, చెట్టుచేమల గుణం చెప్పేది పెద్దలే. అక్కడ మంచి ముసలితనం అంటే విశ్రాంతి కాదు, తనవాళ్లకు అక్కరకు రావడం.

మన కొండాపురం మండలంలోనూ గండికోట జలాశయం కోసం ఊళ్లు వదిలిన అవ్వాతాతలు ఉన్నారు. మునిగిన పొలాల గుర్తులు వాళ్ల దగ్గరే ఉన్నాయి. ఈ సెలవుల్లో వాళ్ల పక్కన కూర్చుని అడుగుదాం. అదే మల్లుదొరకు మనం చేసే నిజమైన నివాళి.