ఫొటోలు తీసిన పి.డబ్ల్యు.డి. ఉద్యోగి – రాజా దీన్ దయాళ్

ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం రాయమని మన సంఘం కార్యదర్శి గారు అడిగినపుడు నాకు వెంటనే తట్టిన పేరు రాజా దీన్ దయాళ్ గారిది. ఆరవ నిజాము ఆస్థాన ఫొటోగ్రాఫరుగా ఆయన పేరు మనలో చాలామంది వినే ఉంటారు. కాని ఆయన కూడా మనలాగే ప్రభుత్వ కార్యాలయంలో బల్ల ముందు కూర్చుని పనిచేసిన ఉద్యోగి అనీ, ఫొటోగ్రఫీ ఆయనకు మొదట తీరిక వేళల సరదా మాత్రమేననీ తెలిసినవారు తక్కువ. ఈ సంగతి నాకు పదవీ విరమణ తర్వాతే తెలిసింది. ముందే తెలిసి ఉంటే ఒక పొరపాటు చేసి ఉండేవాణ్ణి కాదు. అదేమిటో చివర మనవి చేస్తాను.

దీన్ దయాళ్ గారు 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో, నగల వ్యాపారం చేసే జైన కుటుంబంలో జన్మించారు. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగ్ కళాశాలలో చదువుకున్నారు. 1866లో ఇందూరు పట్టణంలో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేటరుగా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. (ఇది మన నిజామాబాదు ఇందూరు కాదు, మధ్య భారతంలోని ఇండోర్.) కట్టబోయే భవనానికి ఎంత సున్నం, ఎంత ఇటుక, ఎంత ఖర్చు అని లెక్క కట్టడం, నక్షాలు గీయడం ఆయన పని. గీత వంకర పోకూడదు, అంకె తప్పకూడదు. ఎనిమిదేళ్లు ఆ పనిలో గడిపాక, 1874లో, అంటే ముప్పయ్యో ఏట, ఆయన కెమెరా పట్టారు.

ఆ రోజుల్లో ఫొటో తీయడమంటే మాటలు కాదు. గాజు పలకకు కొలోడియన్ అనే జిగట ద్రవం పూయాలి. చీకట్లో దాన్ని వెండి లవణపు నీళ్లలో ముంచాలి. తడి ఆరేలోపల కెమెరాలో పెట్టి బొమ్మ తీయాలి. తీసిన వెంటనే మళ్లీ చీకట్లోకి పట్టుకుపోయి కడగాలి. ఇదంతా కొద్ది నిమిషాలలో జరిగిపోవాలి. ఊరు దాటి వెళితే చీకటి గుడారం, గాజు పలకల పెట్టె, మందుల సీసాలు, కడగడానికి నీళ్లు అన్నీ వెంట మోయించుకోవాలి. ఎండాకాలంలో పలక ఇట్టే ఆరిపోతుంది. దుమ్ము పడితే బొమ్మ పాడు. పలక పగిలితే అంతా మొదటికి వస్తుంది. ఉద్యోగం చేసుకుంటూ ఇంత తంటాలు పడ్డారంటే దాని మీద ఆయనకు ఎంత మక్కువో ఊహించుకోండి.

ఆయన అదృష్టం, పై అధికారులు ప్రోత్సహించారు. మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డేలీ ఆయన పనితనం చూసి, వైస్రాయి లార్డ్ నార్త్‌బ్రూక్ వచ్చినపుడు ఫొటో తీసే అవకాశం ఇప్పించారు. 1875-76లో వేల్స్ యువరాజు మన దేశంలో పర్యటించినపుడు కూడా దీన్ దయాళ్ గారికి పిలుపు వచ్చింది. తర్వాత వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ 1882లో బుందేల్‌ఖండ్ పర్యటనకు ఆయన్ని వెంట తీసుకుపోయారు. గ్వాలియరు కోట, ఖజురాహో గుళ్లు, ఓర్ఛా భవనాలు ఆయన పలకల మీదికి ఎక్కాయి. ఆ చిత్రాలలో 86 ఏరి 1886లో మధ్య భారతపు ప్రసిద్ధ కట్టడాల పేరుతో గ్రంథంగా వెలువరించారు. ఆ కట్టడాల ఫొటోలు చూస్తే అది ఎస్టిమేటరు కన్ను అని తెలిసిపోతుంది. స్తంభాలు నిటారుగా నిలబడతాయి, గోడ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో స్పష్టంగా ఉంటుంది. ఆఫీసులో నేర్చిన పని వృథా పోలేదు.

1885లో ఆయన వైస్రాయికి ఫొటోగ్రాఫరుగా నియమితులయ్యారు. ఆ కాలంలోనే సర్కారు నౌకరీ విడిచిపెట్టారు. స్థిరమైన జీతం, దాని వెనుక భద్రత వదులుకోవడం ఎంత గుండె ధైర్యం కావలసిన పనో మనకు వేరే చెప్పనక్కరలేదు. అప్పటికి ఆయన వయసు నలభై దాటింది. ఇంట్లో భార్యా పిల్లలు ఉన్నారు. అయితే పదేళ్లపాటు ఉద్యోగం చేస్తూనే చెయ్యి తిప్పుకుని, పని నిలబడుతుందని నమ్మకం కుదిరాకే ఆయన ఆ అడుగు వేశారు.

ఇక హైదరాబాదు కథ. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆయన్ని ఆస్థాన ఫొటోగ్రాఫరుగా చేసుకున్నారు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో వెలిసింది. కుమారులు జ్ఞాన్ చంద్, ధరమ్ చంద్ తండ్రికి తోడయ్యారు. నిజాము ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ బిరుదు ఇచ్చారు, ఆయన మీద ఉర్దూలో స్వయంగా ద్విపద కట్టారు. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనకు ఆయన చిత్రాలు వెళ్లాయి. 1896లో బొంబాయిలో మరో స్టూడియో పెట్టారు. 1897లో విక్టోరియా రాణి ఫొటోగ్రాఫరుగా రాజపత్రం అందుకున్నారు. చార్మినారు, ఫలక్‌నుమా, గోలకొండ సమాధులు, నవాబుల విందులు, వేటలు, సైనిక కవాతులు అన్నీ తీశారు. 1900 ప్రాంతపు కరువులో నిజాం రాజ్యంలో జరిగిన సహాయ పనులను కూడా తీశారు. కనుక దర్బారు ఒక్కటే ఆయన కంటికి కనబడిందనుకోవడం తప్పు.

అన్నిటిలో నా మనసుకు తాకింది మరొకటి. ఘోషా పాటించే ఇళ్లలోని స్త్రీలు పరాయి మగవాడి ముందు కూర్చుని ఫొటో తీయించుకోవడం ఆనాడు జరగని పని. అందుకని 1892లో హైదరాబాదులో వారి కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. దాన్ని మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించారు. పురుషులెవరికీ ప్రవేశం లేదు. ఇంటి నాలుగు గోడల మధ్య బతికి, ఏ గుర్తూ మిగల్చకుండా వెళ్లిపోవలసిన ఎందరో తల్లుల ముఖాలకు అలా ఒక దారి దొరికింది.

1904లో కుమారుడు ధరమ్ చంద్ మరణించారు. మరుసటి ఏడాది, 1905 జులైలో, దీన్ దయాళ్ గారు కన్నుమూశారు. ఆయన తీసిన గాజు పలకలకు నంబర్లు వేసి జాగ్రత్త చేయడం ఆ స్టూడియో అలవాటు. అందుకే అవి తర్వాతి తరాలకు దక్కాయి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 2,857 గాజు నెగటివ్‌లను సేకరించింది. 2006లో తపాలా శాఖ ఆయన పేర స్టాంపు విడుదల చేసింది.

ఇప్పుడు నా పొరపాటు సంగతి. 1979లో నేను గుమాస్తాగా ఉండగా బోనసు డబ్బుతో ఒక ఆగ్ఫా క్లిక్ కెమెరా కొన్నాను. రీలుకు పన్నెండు ఫొటోలు. మొదటి రీలు కడిగించి తెస్తే ఎనిమిది చెడిపోయాయి. ఎండకు ఎదురుగా నిలబడి తీశాను, చెయ్యి కదిపాను. తప్పు నాదే. గుమాస్తాకు ఈ షోకు ఎందుకని కెమెరాను బీరువాలో పడేశాను. అప్పటికి మా అమ్మ ఉంది. ఊరికి వెళ్లినప్పుడల్లా ఈసారి తీద్దాం, ఈసారి తీద్దాం అనుకున్నాను. 1983లో ఆమె పోయింది. మా అమ్మ ఫొటో ఈనాటికీ మా ఇంట్లో ఒక్కటీ లేదు. మనవరాలు ముత్తవ్వ ఎట్లుండేదని అడిగితే నోటితో చెప్పడమే.

గాజు పలకలు పగిలినప్పుడల్లా ఆ ఇందూరు ఉద్యోగి మానేసి ఉంటే ఆనాటి హైదరాబాదు మనకు ఇంతగా కనబడేదా అని ఇప్పుడు అనిపిస్తుంది.

మణికొండలో మా అబ్బాయి ఫ్లాటులో ఉంటున్నాను. డాబా ఎక్కితే తూర్పు దిక్కున గోలకొండ. చుట్టూ ఐ.టి. వాళ్ల అంతస్తులు లేచిపోతున్నాయి. రెండేళ్లుగా మనవరాలు ఇచ్చిన ఫోనుతో రోజూ ఏదో ఒకటి తీస్తున్నాను. నేర్చుకున్నది కొంచెమే. వెలుతురు మన వీపు వైపు గాని, పక్క నుంచి గాని ఉండాలి. ఇంట్లో అయితే మనిషిని కిటికీ పక్కన కూర్చోబెట్టాలి. మోచేతులు ఒంటికి ఆనించి, ఊపిరి బిగబట్టి తీయాలి. బాగున్నవి నెలకు నాలుగు కాగితం మీద అచ్చు వేయించి, వెనుక పేరు, ఊరు, తేదీ రాయాలి. రిజిస్టర్లు రాసిన చేతులు మనవి, ఇది మనకు కష్టం కాదు.

తోటి పెన్షనర్లకు నా మనవి ఒక్కటే. లైఫ్ సర్టిఫికెట్ కోసం ఏటా మన ముఖం మనం చూపించుకుంటూనే ఉన్నాము. ఈ ఆదివారం మీ శ్రీమతిని వంటింట్లోంచి పిలిచి, కిటికీ పక్కన కూర్చోబెట్టి ఒక ఫొటో తీయండి. చెడిపోతే ఇంకొకటి తీయండి. మానేయకండి.