ఆ మిషన్‌కి ఆయన పేరు

మా తోటికోడలి మనవడికి ఆరేళ్ళు. కిడ్నీ నుంచి మూత్రం దిగే గొట్టం మొదట్లోనే ఇరుకుగా ఉంది, ఆపరేషన్ చెయ్యాలన్నారు. నరసరావుపేట నుంచి హైదరాబాదు తీసుకెళితే అక్కడ రోబోతో చేస్తామన్నారట. పసివాణ్ణి మిషన్ చేతిలో పెట్టడమేమిటని ఆవిడ ఒకటే ఏడుపు.

ఆ మిషన్ తనంతట తాను ఏమీ చెయ్యదు. అదే గదిలో ఓ పక్కన కూర్చున్న డాక్టరు వేళ్ళు కదిపితేనే, పిల్లాడి పొట్టమీది చిన్న చిన్న గాట్లలోంచి లోపలికి దింపిన పనిముట్లు కదులుతాయి. డాక్టరు చెయ్యి కాస్త వణికినా ఆ వణుకు అక్కడిదాకా పోదు. అలాగని ప్రతి ఆపరేషన్‌కీ ఇది అక్కర్లేదు, ఖర్చూ ఎక్కువే. నెలల పిల్లలైతే ఒంట్లో చోటు తక్కువ. ఇదంతా చెప్పాక కాస్త తెరిపిన పడి, మిషన్ పేరు డావిన్సీ అట, ఆయనెవరో చెప్పమంది.

మోనాలిసా బొమ్మ వేసినాయనే. లియొనార్డో 1452 ఏప్రిల్ 15న ఇటలీలో విన్సీ దగ్గర పుట్టాడు. డావిన్సీ అంటే విన్సీ ఊరివాడని, మనలో మాచర్లవారు, గురజాలవారు ఉన్నట్టే. తండ్రి నోటరీ. తల్లి కతెరీనా పేదింటి పిల్ల. వాళ్ళిద్దరికీ పెళ్ళి కాలేదు. తండ్రి మరొకామెను చేసుకున్నాడు, ఆవిణ్ణి ఇంకొకరికిచ్చి కట్టబెట్టారు. పిల్లాడు తాతగారింట పెరిగాడు. పుట్టుక అలాంటిది కనక తండ్రి వృత్తిలోకి రానివ్వరు, పెద్ద చదువూ లేదు. ఆ కతెరీనా గురించి చరిత్ర ఇంకో నాలుగు ముక్కలు రాసుంటే ఏం పోయిందో!

ఫ్లోరెన్సులో వెరోకియో అనే శిల్పి దగ్గర పని నేర్చుకుని, 1482 ప్రాంతంలో మిలాన్ వెళ్ళాడు. ఎడమచేతివాటం మనిషి, కుడి నుంచి ఎడమకి రాసేవాడు. 1495 ప్రాంతంలో ఇనప కవచం తొడిగిన మరమనిషికి నమూనా గీశాడు. కప్పీలు, తాళ్ళు లాగితే అది చేతులు కదపాలి. ఈ ఆపరేషన్ పనిముట్ల మణికట్టు తిరిగేదీ లోపలి సన్నటి లోహపు తీగలు లాగితేనే. అమెరికాలో ఈ మిషన్‌కి 2000లో అనుమతి వస్తే, పేరు మాత్రం ఆయనది పెట్టుకున్నారు.

నన్ను పట్టి ఆపిన సంగతి వేరే ఉంది. 1507-08 చలికాలంలో ఫ్లోరెన్సు ఆసుపత్రిలో నూరేళ్ళు దాటానని చెప్పుకున్న ముసలాయన కన్నుమూస్తే, కారణం తెలుసుకోవాలని లియొనార్డో ఆ దేహాన్ని కోసి చూశాడు. రెండేళ్ళ బిడ్డ దేహాన్నీ చూసి, ముసలాయన రక్తనాళాలతో పోల్చుకున్నాడు. ఆ బిడ్డ ఎవరి కడుపుకోతో!

1511 ప్రాంతంలో గర్భంలో ముడుచుకున్న శిశువును గీశాడు. మాయ మాత్రం ఆవుదిలా వేశాడు, అది తప్పే. కానీ బిడ్డ కూర్చున్న తీరు చూస్తే కన్నతల్లి ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది.

1519 మే 2న ఫ్రాన్సులో 67 ఏళ్ళ వయసులో పోయాడు. కాగితాలు శిష్యుడు మెల్జీకి దక్కాయి. శరీరం బొమ్మలు అచ్చులోకి సరిగ్గా వచ్చేసరికి దాదాపు నాలుగువందల ఏళ్ళు పట్టింది. అన్నాళ్ళూ డాక్టర్లకూ, పిల్లలకూ అవి పెద్దగా పనికి రాలేదు. ఇప్పుడవి ఇంగ్లండు విండ్సర్ కోటలో ఉన్నాయి.

ఆ గర్భం బొమ్మ మా తోటికోడలికి ఫోన్‌లో చూపించాను. చాలాసేపు చూసి, మనవడి పొట్టమీద మచ్చలు ఎంతెంత ఉంటాయో డాక్టర్ని అడగమని కొడుక్కి కబురు పెట్టింది.