సుందరం కరివర్ధన్

సుందరం కరివర్ధన్ (1954 – 1995 ఆగష్టు 24) భారతదేశానికి చెందిన కారు పందేల చోదకుడు, పందెపు కార్ల రూపకర్త, పారిశ్రామికవేత్త. ఎస్. కరివర్ధన్ అన్న పేరుతోనూ, క్రీడాభిమానుల వాడుకలో కరి అన్న పొట్టిపేరుతోనూ ప్రసిద్ధుడు. తమిళనాడులోని కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో జన్మించాడు. ఈయనను భారత మోటారు క్రీడల పితామహునిగా పలువురు పేర్కొంటారు. మారుతి 800 కారు ఇంజనును ఆధారం చేసుకొని, తక్కువ ఖర్చులో తయారయ్యే ఒంటిసీటు పందెపు కారును 1988లో ప్రవేశపెట్టడం ఈయన చేసిన పనులలో ముఖ్యమైనది. తరువాతి కాలంలో ఫార్ములా వన్ పోటీలలో పాల్గొన్న భారతీయ చోదకులు తమ తొలి పాఠాలు ఈ తరగతి కార్లలోనే నేర్చుకున్నారు.

కుటుంబం, నేపథ్యం

కొన్ని శతాబ్దాల క్రితం తెలుగు దేశం నుండి వలస వెళ్ళి కోయంబత్తూరు పరిసరాలలో స్థిరపడిన కుటుంబాలు అనేకం ఉన్నాయి. తమిళనాట వీరిని నాయుళ్ళు అంటారు. మొదట వ్యవసాయంలో, ఆపైన ప్రత్తి వ్యాపారంలో, చివరకు నూలు మిల్లుల పరిశ్రమలో వీరు పేరు గడించారు. అటువంటి కుటుంబాలలో జి. కుప్పుస్వామి నాయుడు 1910లో నెలకొల్పిన లక్ష్మీ మిల్స్ కుటుంబం ఒకటి. కరివర్ధన్ ఈ కుటుంబానికి చెందినవాడు. తండ్రి జి.కె. సుందరం పారిశ్రామికవేత్త, రాజకీయ నాయకుడు.

కరివర్ధన్ జీవితాన్ని అర్థం చేసుకోవడానికి ఆ ఊరి స్వభావాన్ని కూడా తెలుసుకోవలసి ఉంటుంది. 1930వ దశకంలో పైకారా జలవిద్యుత్తు అందుబాటులోకి రావడంతో కోయంబత్తూరులో మిల్లులు వేగంగా పెరిగాయి. మిల్లు యంత్రాల మరమ్మత్తుల కోసం పోతపని శాలలు, లేతు మిషన్ల షెడ్లు వెలిశాయి. వాటినుండి పంపుసెట్లు, విద్యుత్ మోటార్ల పరిశ్రమ పుట్టింది. ఇదే ఊరికి చెందిన మరొక తెలుగువాడు జి.డి. నాయుడు (1893 – 1974) యౌవనంలో ఒక మోటారు సైకిలును కొని, దానిని పూర్తిగా విప్పి, తిరిగి బిగించి యంత్రవిద్య నేర్చుకున్నాడు. తరువాత డి. బాలసుందరం నాయుడుతో కలిసి 1937లో దేశీయంగా విద్యుత్ మోటారును తయారు చేశాడు. విదేశీ వస్తువును విప్పి చూడడం, దానిని ఇక్కడి సామగ్రితో చేయడానికి ప్రయత్నించడం ఈ ఊరికి అలవాటైన విద్య. కరివర్ధన్ ఆ విద్యను పందెపు కార్ల రంగంలోకి తీసుకువచ్చాడు.

షోళవరం పందేలు

మద్రాసు (నేటి చెన్నై) నగరానికి ఉత్తరాన ఉన్న షోళవరంలో రెండవ ప్రపంచ యుద్ధకాలం నాటి విమానాల పట్టీ ఒకటి ఉండేది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఈ పట్టీపైననే పందేలు నిర్వహించేది. శాశ్వతమైన పందెపు బాట లేని ఆ రోజులలో దక్షిణ భారతదేశంలో ఇవే అన్నిటికన్నా పెద్ద పోటీలు. వేలాది ప్రేక్షకులు వీటిని చూడడానికి వచ్చేవారు. సంస్థానాధీశుల వారసులు, పెద్ద వ్యాపార కుటుంబాల యువకులు ప్రధానంగా పాల్గొనేవారు. కరివర్ధన్ చోదకుడిగా పేరు తెచ్చుకున్నది షోళవరం పందేల కాలంలోనే.

ఆ కాలపు పోటీలకు ఒక ప్రత్యేక లక్షణం ఉంది. దిగుమతులపై కఠినమైన ఆంక్షలు ఉండడం వలన మన రోడ్లపై అంబాసిడర్, ఫియట్ (తరువాత ప్రీమియర్ పద్మిని), స్టాండర్డ్ హెరాల్డ్ వంటి కొద్దిరకాల కార్లే తిరిగేవి. 1089 సి.సి. ఇంజను గల ఫియట్ కారు కుటుంబ ప్రయాణాలకు ఉద్దేశించినది. పందెం వేయదలచినవారు దాని ఇంజనును మార్చి శక్తిని పెంచుకోవలసి వచ్చేది. ఆర్థిక స్తోమత కలిగిన కొద్దిమంది విదేశాలలో వాడి వదిలిన పందెపు కార్లను తెప్పించుకొనేవారు. ఈ రెండు రకాల వాహనాలూ ఒకే మైదానంలో కనిపించేవి.

ఇంజను శక్తిని పెంచే పద్ధతులు

కర్మాగారం నుండి వచ్చిన ఇంజనుకు అదనపు శక్తిని సమకూర్చడాన్ని వాడుకలో ట్యూనింగ్ అంటారు. ఇంజను శక్తి అది ఎంత గాలిని పీల్చుకొని, ఎంత ఇంధనాన్ని సమర్థంగా దహించగలదు అన్నదానిపై ఆధారపడి ఉంటుంది. అందువలన షోళవరం నాటి మెకానిక్కులు చేసిన మార్పులన్నీ గాలి దారిని సులభం చేయడానికి, దహనాన్ని బలపరచడానికి ఉద్దేశించినవే. వాటిలో ముఖ్యమైనవి:

సంపీడన నిష్పత్తిని పెంచడం: సిలిండరు హెడ్డు అడుగు తలాన్ని కొద్దిగా కోసి పలుచన చేస్తే దహన గది చిన్నదవుతుంది. పిస్టను పైకి వచ్చినపుడు మిశ్రమం మరింతగా నొక్కుకుపోయి, మండినపుడు ఎక్కువ బలాన్ని ఇస్తుంది. అయితే ఆక్టేన్ సంఖ్య తక్కువగా ఉన్న పెట్రోలు అంత ఒత్తిడికి తట్టుకోలేక, స్పార్కు వలన మొదలైన మంట తనను చేరేలోపే తానుగా ఒక్కసారి అంటుకొంటుంది. దీనినే నాకింగ్ అంటారు. ఇది పిస్టన్లను దెబ్బతీస్తుంది.

గాలి దారులను నునుపు చేయడం: పోతపోసిన హెడ్డులో గాలి వచ్చే రంధ్రాల లోపలి తలం గరుకుగా ఉంటుంది. దానిని చేతితో అరగదీసి, అడ్డంకులు తొలగించి, పెద్ద కార్బ్యురేటరును గానీ జంట కార్బ్యురేటర్లను గానీ అమర్చుతారు. పొగ బయటకు పోయే గొట్టాలను కూడా తగిన పొడవులో మలచి, ఒక సిలిండరు పొగ మరొకదానికి అడ్డుపడకుండా చూస్తారు.

క్యామ్ షాఫ్టును మార్చడం: వాల్వులు ఎంత ఎత్తు, ఎంతసేపు తెరుచుకోవాలో నిర్ణయించేది క్యామ్. ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్ వలన ఇంజను అధిక వేగంలో బాగా శ్వాసిస్తుంది. అదే ఇంజను తక్కువ వేగంలో తడబడుతుంది, బజారులో నడపడానికి పనికిరాకుండా పోతుంది.

తిరిగే భాగాలను సరితూచడం: పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు ఒకే బరువు ఉండేలా అరగదీసి, ఫ్లైవీలును తేలిక చేస్తే ఇంజను త్వరగా వేగం అందుకొంటుంది, కంపనం తగ్గుతుంది.

ఈ మార్పులలో ఏ ఒక్కటీ ఉచితంగా లభించేది కాదు. శక్తి పెరిగిన కొద్దీ వేడి పెరుగుతుంది, బేరింగులు అరుగుతాయి, ఇంజను ఆయుష్షు తగ్గుతుంది. మొదటి కొద్ది అశ్వశక్తులు సులువుగా దొరికినా, ఆ తరువాత ప్రతి అశ్వశక్తికీ ఖర్చు పెరుగుతూ పోతుంది. కనుక పోటీలో ముందు నిలిచేది ఎక్కువగా ధనవంతుని ఇంజనే. ప్రతిభ ఉన్న సామాన్య యువకుడు మైదానం అంచున నిలబడి చూడవలసిందే. దేశంలో మోటారు క్రీడ ఎదగకపోవడానికి ఇది ముఖ్యమైన కారణం.

ఫార్ములా మారుతి

1983 డిసెంబరులో మారుతి 800 కారు విడుదల కావడంతో పరిస్థితి మారింది. మూడు సిలిండర్లు, 796 సి.సి. పరిమాణం గల దీని ఇంజను సుమారు 40 అశ్వశక్తిని మాత్రమే ఇచ్చేది. కానీ అది తేలికైనది, నమ్మదగినది, విడి భాగాలు దేశంలో ఎక్కడైనా దొరికేవి. కరివర్ధన్ ఈ ఇంజనును ఒక గొట్టాల చట్రంలో అమర్చి, చక్రాలు బయటకు కనిపించే ఒంటిసీటు పందెపు కారును రూపొందించాడు. 1988లో వచ్చిన ఈ తరగతికి ఫార్ములా ఇండియా సింగిల్ సీటర్ మారుతి ఇంజన్ అని పేరు పెట్టారు. వాడుకలో ఫార్ములా మారుతి అన్న పేరు స్థిరపడింది.

కారు వేగం ఇంజను శక్తిపై మాత్రమే కాక, ఆ శక్తి మోయవలసిన బరువుపై కూడా ఆధారపడుతుంది. సుమారు 650 కిలోల బరువు గల మారుతి 800 కారుకు టన్నుకు దాదాపు 60 అశ్వశక్తి లభిస్తుంది. అదే ఇంజనును తలుపులు, వెనుక సీట్లు, పైకప్పు లేని, సగం బరువు గల కారులో పెడితే ఆ సంఖ్య రెట్టింపవుతుంది. అంటే ఇంజనులోని ఒక్క మరనూ ముట్టుకోకుండానే శక్తి రెట్టింపయిన ఫలితం దక్కుతుంది. పైగా కారు నేలకు దగ్గరగా ఉండడం వలన మలుపులలో నిలకడ కూడా ఎక్కువ. ఒంటిసీటు కార్లన్నిటికీ మూలమైన సూత్రం ఇదే. చిన్న ఇంజనుతో నిజమైన పందెపు కారు అనుభవాన్ని ఇవ్వడం దీనివలననే సాధ్యమయింది.

ఈ తరగతిలో అందరికీ ఒకే నమూనా కారు. అందువలన ఇంజనుపై డబ్బు వెదజల్లి గెలిచే అవకాశం బాగా తగ్గింది. బ్రేకు ఎక్కడ వేయాలి, మలుపులోకి ఏ గీతలో ప్రవేశించాలి, ముందున్న కారును ఎప్పుడు దాటాలి అన్న చోదకుని నేర్పు గెలుపును నిర్ణయించసాగింది. ఇంజను శక్తిని పెంచే విద్య రాజ్యమేలిన షోళవరం నుండి వచ్చిన వ్యక్తే, శక్తి అందరికీ సమానంగా ఉండే పోటీకి పునాది వేయడం ఇక్కడ గమనించదగిన విషయం. మోటారు క్రీడ అప్పటికీ పేదవారికి అందేది కాకపోయినా, విదేశీ కారును దిగుమతి చేసుకోలేని కుటుంబాల పిల్లలకు ద్వారం తెరుచుకొంది.

దాదాపు ఇదే సమయంలో, 1990లో, మద్రాసు సమీపంలోని శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ శాశ్వత పందెపు బాటను ప్రారంభించింది. దీని పొడవు సుమారు 3.7 కిలోమీటర్లు. పాత విమానాల పట్టీకి బదులు అసలైన మలుపులు గల బాట, దానిపై పరుగెత్తడానికి చవకైన దేశీయ కారు, రెండూ ఒకేసారి సమకూరాయి.

తరువాతి తరం

కరివర్ధన్ కు బంధువు, కోయంబత్తూరు వాసి అయిన నారాయణ్ కార్తికేయన్ (జననం 1977) తన తొలి పందేలను శ్రీపెరుంబుదూరులో ఫార్ములా మారుతి కారుతోనే ఆడాడు. ఆపైన ఐరోపాకు వెళ్ళి 1994లో బ్రిటన్ లో ఫార్ములా ఫోర్డ్ శీతాకాలపు పోటీలలో విజేతగా నిలిచాడు. 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్ లో ప్రవేశించి, ఆ పోటీలలో పాల్గొన్న తొలి భారతీయుడయ్యాడు. అదే సంవత్సరం అమెరికా గ్రాండ్ ప్రి పోటీలో నాలుగవ స్థానం పొందాడు. టైర్ల వివాదం వలన ఆ రోజు ఆరు కార్లే పందెంలో నిలిచినప్పటికీ, భారతీయునికి ఫార్ములా వన్ లో తొలి పాయింట్లు అవే.

2010లో ఫార్ములా వన్ లో ప్రవేశించిన రెండవ భారతీయుడు కరుణ్ చందోక్ కూడా 2000లో ఫార్ములా మారుతి జాతీయ విజేత. ఈ ఇద్దరి ప్రస్థానమూ 796 సి.సి. ఇంజనుతోనే మొదలవడం కరివర్ధన్ ఆలోచన ఫలించిందనడానికి నిదర్శనం. తరువాత కోయంబత్తూరుకే చెందిన ఎల్.జి.బి. సంస్థ పేరుతో 1300 సి.సి. మారుతి ఇంజనుతో మరింత శక్తివంతమైన ఒంటిసీటు తరగతి వచ్చింది. చిన్న ఇంజనుతో నేర్చుకొని, మెట్టు మెట్టుగా పెద్ద ఇంజనుకు ఎదిగే క్రమం ఆ విధంగా దేశంలో ఏర్పడింది.

మరణం

కరివర్ధన్ 1995 ఆగష్టు 24న విమాన ప్రమాదంలో మరణించాడు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్ళు దాటి ఎంతో కాలం కాలేదు. నారాయణ్ కార్తికేయన్ ఐరోపాలో సాధించిన తొలి విజయం ఆయన జీవించి ఉండగా వచ్చినదే అయినా, భారతీయ చోదకుడు ఫార్ములా వన్ లో అడుగుపెట్టడాన్ని ఆయన చూడలేకపోయాడు.

స్మారకం, వారసత్వం

కోయంబత్తూరు సమీపంలోని చెట్టిపాళయంలో బి. విజయకుమార్ నిర్మించిన పందెపు బాటకు కరివర్ధన్ గౌరవార్థం కరి మోటార్ స్పీడ్‌వే అని పేరు పెట్టారు. 2003లో ప్రారంభమైన ఈ బాట పొడవు 2.1 కిలోమీటర్లు. జాతీయ స్థాయి కారు, మోటారు సైకిలు పందేలు ఇక్కడ జరుగుతూ వచ్చాయి. దేశంలో పెద్ద నగరాలకే పరిమితమైన క్రీడకు ఒక మిల్లుల పట్టణం కేంద్రం కావడంలో ఈ బాట పాత్ర గణనీయమైనది.

ఆ తరువాత గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ అంతర్జాతీయ బాటపై 2011 నుండి 2013 వరకు మూడుసార్లు ఫార్ములా వన్ పోటీలు జరిగాయి. తెలుగు నేలపై 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్ సాగర్ తీరాన విద్యుత్ కార్ల ఫార్ములా ఇ పోటీ జరిగింది. ఆ కార్లలో పెట్రోలు ఇంజను లేదు. క్యామ్ షాఫ్టు, కార్బ్యురేటరు, పొగగొట్టాల పనితనానికి అక్కడ తావు లేదు. కానీ చట్రం, బ్యాటరీ అన్ని జట్లకూ ఒకే రకమైనవి. ఖర్చును అదుపులో ఉంచి, నేర్పుకు చోటివ్వాలన్న నియమమే అందుకు కారణం. 1988లో మూడు సిలిండర్ల చిన్న ఇంజనుతో కరివర్ధన్ మన దేశంలో ఆచరణలో పెట్టిన సూత్రం కూడా అదే.